ఎల్‌డీఎల్ అఫెరిసిస్‌కు వెళ్లే ముందు జాగ్రత్తలు

రక్తాన్ని యంత్రం గుండా పంపి చెడు కొలెస్ట్రాల్‌ను (ఎల్‌డీఎల్) తీసేసే చికిత్సే ఎల్‌డీఎల్ అఫెరిసిస్. దానికి వెళ్లే ముందు చూడాల్సింది బీపీ మాత్రల చీటీ. ఎనాలప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటి ‘ప్రిల్’ మాత్రలు వాడుతుంటే నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) తప్పక చెప్పండి. యంత్రంలో ఎల్‌డీఎల్‌ను పట్టి ఉంచే డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ కాలమ్‌లోకి రక్తం వెళ్లగానే రక్తనాళాలను వెడల్పు చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థం పుడుతుంది. దాన్ని విరిచే ఎంజైమును ఈ మాత్రలు ఆపేస్తాయి. దాంతో మొహం ఎర్రబడి, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఒకటి రెండు రోజుల ముందే ఆపిస్తారు, లేదా లోసార్టాన్ లాంటిదానికి మారుస్తారు. సొంతంగా మాత్రం ఆపొద్దు.

ముందురోజు నుంచే నీళ్లు బాగా తాగండి, నరం సులువుగా దొరుకుతుంది. ఫిస్టులా (సూది గుచ్చడానికి వీలుగా ధమనిని, సిరను కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు.

రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి ఆ రోజు పన్ను పీకించుకోవడం వద్దు. నెలసరి, నల్లటి విరేచనం, ఈమధ్య చేసిన ఆపరేషన్ ఏదున్నా ముందే చెప్పాలి. గడ్డకట్టకుండా సిట్రేట్ వాడే చోట పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటే వెంటనే నర్సుకు చెప్పండి, కాల్షియం తగ్గిందని అర్థం.

తేలికగా తినే వెళ్లండి. రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, మూత్రానికి ముందే వెళ్లి రండి! ఎల్‌డీఎల్ పరీక్షకు రక్తం మొదలుపెట్టే ముందోసారి, అయిపోగానే ఇంకోసారి తీయాలి.