గడియారం గంట జరిగితే చంటిబిడ్డ నిద్ర ఎందుకు చెడుతుంది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఋతువును బట్టి గడియారాన్ని జరిపే ఆచారం లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 వరకు, దేశమంతా గంట ముందుకు జరిపిన కాలమానంతో నడిచింది గానీ, ఇప్పటి తాతల్లో కూడా ఆ సంగతి ఎరిగినవారు అరుదు. అయినా ఇది మనకు అక్కరలేని విషయమని అనుకోవడానికి వీల్లేదు. కూతురి పురిటికో, మనవడిని చూసుకోవడానికో నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చే పెద్దవాళ్లకు ఆ లోపల గడియారం మారే ఆదివారం ఒక్కటైనా ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. ఇక్కడే ఉండి వీడియో కాల్‌లో మనవలను చూసుకునేవారికి కూడా దీనితో పని ఉంది. ఎలాగన్నది మూడో సమస్యలో వివరించాను.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలను మూడుగా మారుస్తారు, నవంబరు మొదటి ఆదివారం రెండు గంటలను తిరిగి ఒంటిగంట చేస్తారు. 2007 నుంచి ఇదే పద్ధతి నడుస్తోంది. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో మారుస్తారు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో వరుస తిరగబడి, అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. హవాయి, ఆరిజోనాలో అధిక భాగం, బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ ఈ మార్పును పాటించవు కనుక, అక్కడ ఉన్నవారు ఈ వ్యాసంలో నాలుగో సమస్య నుంచి చదువుకుంటే సరిపోతుంది.

గోడ మీద ముల్లు జరిగినా బిడ్డ ఒంట్లోని గడియారం దానంతట అది జరగదు. దానిని జరిపేది ప్రధానంగా వెలుతురు, ఆ తరువాత పాలు, అన్నం పెట్టే వేళలు. అందుకే చాలా ఇళ్లలో రాత్రి పడుకోబెట్టే వేళతో కుస్తీ పట్టి అలసిపోతారు గానీ, సరిచేయవలసింది ఉదయం లేచే వేళను. లేచే వేళ కుదిరితే పడుకునే వేళ రెండు మూడు రోజుల్లో దాని వెనకే వస్తుంది.

సమస్య 1: మార్చిలో బిడ్డ రాత్రి పడుకోదు, ఉదయం లేవదు

ఎనిమిదింటికి నిద్రపోయే ఏడాదిన్నర బిడ్డ తొమ్మిదైనా మంచం మీద ఎగురుతూనే ఉంటుంది. ఉదయం ఆరున్నరకు లేపితే ముఖం తిప్పుకొని ఏడుస్తుంది, డేకేర్‌కు వెళ్లే దారిలో కారులోనే మళ్లీ నిద్రపోతుంది.

కారణం రెండు విధాలు. మొదటిది, గోడ గడియారంలో ఎనిమిదైనప్పుడు బిడ్డ ఒంటికి అది ఇంకా ఏడే. రెండోది, మనవైపు వాళ్లకు అంత సులువుగా తట్టనిది, పొద్దు. నెల్లూరులో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ మధ్య తేడా రెండు గంటలు కూడా ఉండదు. ఎండాకాలంలోనైనా ఏడు దాటేసరికి చీకటి పడిపోతుంది. న్యూజెర్సీలో మార్చి మొదటి వారంలో ఆరు లోపే కుంకే పొద్దు, గడియారం మార్చిన రోజు సాయంత్రం ఏడు దగ్గరకు చేరుతుంది, జూన్ నాటికి ఎనిమిదిన్నర అవుతుంది. కిటికీ నిండా వెలుతురు ఉండగా జోల పాడితే, నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోన్ ఒంట్లో తగినంత ఊరదు. ఇది తెలియక, పిల్లవాడికి ఎవరి కళ్లో తగిలాయని దిష్టి తీసిన అమ్మమ్మలు ఉన్నారు. దిష్టి తీయడం వల్ల నష్టమేమీ లేదు. తీశాక గదిలో దీపం ఆర్పి కిటికీ తెర వేస్తే చాలు.

పరిష్కారానికి ముందువారం బుధవారం నాడే మొదలుపెట్టడం ఉత్తమం. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున బిడ్డను ముందుగా లేపుతూ, పాలు, స్నానం, అన్నం, మధ్యాహ్నం నిద్ర, రాత్రి నిద్ర అన్నిటినీ అంతే ముందుకు జరుపుకుంటూ వస్తే, శనివారానికి గంట పూర్తవుతుంది, ఆదివారం ఉదయం బిడ్డకు తేడా పెద్దగా తెలియదు. ముందుగా గుర్తు లేకపోతే కంగారు పడనక్కరలేదు. ఆదివారం ఏడుకు, సోమవారం ఆరుముప్పావుకు, మంగళవారం ఆరున్నరకు లేపి, లేచిన వెంటనే గదిలోని దీపాలన్నీ వేయాలి. దీపాలని ఎందుకు చెబుతున్నానంటే, ఆ వారంలో అక్కడ ఏడుంపావు దాకా పొద్దు పొడవదు. ఎండ వచ్చాక టోపీ పెట్టి, స్వెట్టర్ తొడిగి, బిడ్డను ఒక అరగంట బయట తిప్పడం ఏ మందుకన్నా బాగా పనిచేస్తుంది. సాయంత్రం ఏడు నుంచి పడకగది కిటికీకి నల్లటి మందపు తెర వేయాలి. అది దొరికేలోపు వంటింట్లోని అల్యూమినియం రేకును అద్దానికి టేపుతో అంటించినా వెలుతురు ఆగుతుంది. మధ్యాహ్నం నిద్రను నాలుగింటికి మించనివ్వకూడదు. అలాగని రాత్రి త్వరగా పడుకుంటుందన్న ఆశతో పగటి నిద్ర మొత్తం మాన్పించడం తప్పు, ఎందుకంటే మరీ అలసిన బిడ్డ ఇంకా మొండికేస్తుంది. ఇలా చేస్తే చాలామంది పిల్లలు వారం తిరిగేసరికి సర్దుకుంటారు.

మన పద్ధతిలో చంటిబిడ్డకు నూనె పట్టించి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకొని పోసే స్నానం తరువాత వచ్చే నిద్ర రెండు మూడు గంటలు సాగుతుంది. గడియారం మారిన వారంలో ఆ స్నానం కూడా గంట ఆలస్యమైతే ఆ నిద్ర సాయంత్రంలోకి పాకి రాత్రిని చెడగొడుతుంది. కనుక స్నానాన్ని ఉదయం పదిలోపు ముగించాలి. సాంబ్రాణి పొగను మాత్రం అక్కడికీ ఇక్కడికీ కూడా వద్దనే అంటాను: పసి ఊపిరితిత్తులకు పొగ మంచిది కాదు, పైగా అక్కడి ఇళ్లలో పొగ అలారం మోగితే అప్పుడే కళ్లు మూసిన బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది.

సమస్య 2: నవంబరులో తెల్లవారకముందే లేచి కూర్చుంటుంది

ఆరున్నరకు లేచే బిడ్డ అయిదున్నరకే లేస్తుంది. కారణం తేలికే: ఒంటి లెక్కలో అది ఆరున్నరే. అయితే ఈ సమస్య వారంలో తగ్గిపోకుండా నెలల తరబడి నిలిచిపోవడానికి మాత్రం, నా ఉద్దేశంలో, చాలాసార్లు ఇంట్లోని పెద్దల ప్రేమే కారణం. అయిదింటికే లేచి కాఫీ డికాషన్ దించుకునే అలవాటున్న అమ్మమ్మ, బిడ్డ కదిలిన చప్పుడు వినగానే, తల్లిని నిద్ర లేపడం ఎందుకని బిడ్డను ఎత్తుకొని, వంటింట్లో దీపం కింద కూర్చోబెట్టి, పాలసీసా చేతికి ఇస్తుంది. వెలుతురు, పాలు, ఒడి మూడూ అయిదున్నరకే అందితే, బిడ్డ ఒళ్లు అదే తెల్లవారడమని రాసుకుంటుంది.

పరిష్కారం ఏమిటంటే, ఆరున్నర దాకా పడకగదిలో చీకటి చెదరకూడదు. బిడ్డ ఏడవకుండా తనలో తను కబుర్లు చెప్పుకుంటుంటే లోపలికి వెళ్లనక్కరలేదు. ఏడిస్తే వెళ్లి, దీపం వేయకుండా, మాట్లాడకుండా, వీపు నిమిరితే చాలు. మొదటి పాలను రోజుకు పది పదిహేను నిమిషాలు వెనక్కి జరుపుకుంటూ పోవాలి. ఆరు నెలల లోపు బిడ్డ ఆకలికి లేస్తే పాలు ఇవ్వవలసిందే, కానీ ఆ చీకట్లోనే ఇచ్చి మళ్లీ పడుకోబెట్టాలి. ఆ రోజుల్లో న్యూజెర్సీలో సాయంత్రం అయిదు లోపే పొద్దు కుంకుతుంది గనుక, మధ్యాహ్నం మూడింటికి బిడ్డను పార్కుకు తీసుకెళ్లి, తిరిగి వచ్చాక ఆరున్నర దాకా హాల్లో దీపాలు ధారాళంగా వెలగనివ్వాలి. లేకుంటే ఆరింటికే తూగుతూ, అన్నం తినకుండా నిద్రపోయి, తెల్లవారుజామున ఆకలితో లేస్తుంది.

సమస్య 3: అన్నీ సరిగానే చేసినా పడుకునే వేళకు బిడ్డ మళ్లీ ఉత్సాహంగా మేలుకుంటుంది

ఇక్కడ కారణం అమెరికాలో ఉండదు, నెల్లూరులో ఉంటుంది. తాతగారు రోజూ ఉదయం ఆరింటికి కాల్ చేస్తారు. చలికాలంలో న్యూజెర్సీకీ మనకూ పదిన్నర గంటల తేడా కనుక, అప్పుడు అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర అవుతుంది. బిడ్డ అన్నం తింటూ తాతను చూస్తుంది, ముద్దు ఇస్తుంది, ఎనిమిదికి పడుకుంటుంది. మార్చి రెండో ఆదివారం తరువాత తేడా తొమ్మిదిన్నర గంటలకు తగ్గుతుంది. నెల్లూరులో గడియారం మారలేదు కనుక తాతగారు ఎప్పటిలాగే ఆరింటికి కాల్ చేస్తారు, అక్కడ అప్పుడు ఎనిమిదిన్నర. అరమూతలు పడిన కళ్ల ముందు ఫోను వెలుగుతుంది, "ఏం నాన్నా, పడుకున్నావా?" అన్న గొంతు వినిపిస్తుంది, అంతే, నిద్ర గంట దూరం పోతుంది. కోడలు మొహమాటం కొద్దీ ఫోను తీయకుండా ఉండలేదు, పెద్దాయనకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. పుట్టింటివారికి, అత్తింటివారికి కూడా ఈ మాట కొడుకో, కూతురో తామే ముందుగా చెప్పడం మర్యాదగా ఉంటుంది.

నవంబరు నుంచి మార్చి దాకా ఉదయం ఆరింటికి మాట్లాడేవారు మార్చి నుంచి అయిదింటికి మాట్లాడాలి. అది కష్టమైతే, నేను సూచించేది ఆ కాల్‌ను మన సాయంత్రానికి మార్చుకోవడం. మన సాయంత్రం ఆరు అంటే అక్కడ చలికాలంలో ఉదయం ఏడున్నర, ఎండాకాలంలో ఎనిమిదిన్నర. ఆ వేళ ఫోను వెలుతురు వల్ల రాత్రి నిద్రకు హాని లేదు. కాలిఫోర్నియాతో తేడా చలికాలంలో పదమూడున్నర గంటలు, ఎండాకాలంలో పన్నెండున్నర. లండన్‌తో అయిదున్నర, నాలుగున్నర. ఈ అంకెలను రాసి క్యాలెండర్ పక్కన అంటించుకుంటే ఏటా వెతుక్కునే పని ఉండదు.

సమస్య 4: ఇక్కడే ఉన్న పిల్లలకు మార్చిలో నిద్ర చెడటం

మన గడియారం మారకపోయినా మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పెద్దపిల్ల ఉదయం ఏడుముప్పావుకు బడిలో ఉండాలంటే ఇల్లంతా అయిదున్నరకే లేస్తుంది. మిక్సీ చప్పుడుకు, గిన్నెల చప్పుడుకు రెండేళ్ల చిన్నవాడూ లేస్తాడు. పన్నెండున్నరకు బడి వదిలాక, సరిగ్గా చిన్నవాడు నిద్రలోకి జారే వేళకు అక్క ఇంటికి వచ్చి పుస్తకాల సంచి గిరాటేస్తుంది. నిద్ర చాలక సాయంత్రమంతా పేచీలు. చిన్నవాడి మధ్యాహ్నపు అన్నం పన్నెండుకు పెట్టేసి, అక్క భోజనం ముగిసిన తరువాత, ఒకటిన్నర ప్రాంతంలో ఇద్దరినీ ఒకే గదిలో పడుకోబెట్టడం తేలికైన ఉపాయం.

మేలో ఎండకు కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా చల్లబడదు కనుక మిద్దె మీద పడుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దోమతెర ఉంటే అభ్యంతరం లేదు, కానీ అయిదింటి నుంచే తూర్పు తెల్లబడుతుంది, పెద్దలు దుప్పటి ముసుగేసుకుంటారు, బిడ్డ లేస్తుంది. అయిదు కాకముందే బిడ్డను కిందికి దించి చీకటి గదిలో పడుకోబెడితే మరో గంట నిద్ర దక్కుతుంది.

రెండు మూడు నెలల లోపు శిశువుకు ఇవేవీ వర్తించవు. ఆ వయసులో పగలూ రాత్రీ అన్న లయే ఇంకా ఏర్పడి ఉండదు, ఏ గడియారం మారినా దానికి పట్టదు.

చేయకూడనివి

నిద్ర పట్టడానికి దగ్గు మందు పోయడం, వస కొమ్ము అరగదీసి నాకించడం, అమెరికా దుకాణాల్లో మిఠాయిల్లా అమ్మే మెలటోనిన్ బిళ్లలను వైద్యుడిని అడగకుండా ఇవ్వడం, మూడూ ప్రమాదకరమైనవే. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. తెల్లవారుజామున చలికి లేస్తుందేమోనని ఏడాది లోపు బిడ్డ చుట్టూ దిండ్లు, బొంతలు పేర్చకూడదు. మందపాటి బట్టలు తొడిగి, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

వైద్యుడి దగ్గరకు ఎప్పుడు

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పగటి నిద్రతో కలిపి నాలుగు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు రోజుకు 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వరకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి అయిదేళ్ల వరకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. గడియారం మారి రెండు వారాలు దాటినా ఇంతకంటే బాగా తక్కువగా నిద్రపోతున్నా, గురకలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, జ్వరం ఉన్నా, చెవి పదే పదే లాక్కుంటున్నా, మూత్రం తగ్గినా అది గడియారం సమస్య కాదని గ్రహించి పిల్లల డాక్టరుకు చూపించాలి. వెళ్లేటప్పుడు అయిదారు రోజులుగా బిడ్డ పడుకున్న, లేచిన, పాలు తాగిన వేళలను ఒక కాగితం మీద, బిడ్డ ఉన్న ఊరి కాలమానంలోనే, గడియారం మారిన తేదీతో సహా రాసి తీసుకువెళితే డాక్టరుకు కారణం త్వరగా దొరుకుతుంది.