రోల్డ్ కార్డ్ స్కోరులో సరిగా రావడం లేదా? సమస్యలు, పరిష్కారాలు

పియానో కార్డ్‌కి (కలిపి మోగే స్వరాల గుంపుకి) ఎడమ పక్కన నిలువుగా అలల గీత ఉంటే, స్వరాలన్నీ ఒక్క దెబ్బలో కాకుండా కింది నుంచి పైకి వరుసగా, త్వరత్వరగా మోగించి పట్టి ఉంచమని అర్థం. ఇలా వాయించడాన్నే రోల్ అనీ, ఆర్పెజియో అనీ అంటారు. ఆ గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ తెగింది అన్నదాన్ని బట్టే వాయించేవారి చేతులు కదులుతాయి. కాబట్టి ముందు కాగితం మీద గీత సరిగా ఉండాలి. కంప్యూటర్ దాన్ని ఎలా వినిపిస్తుందన్నది రెండో సంగతి. కింద చెప్పిన పద్ధతులు ప్రధానంగా స్కోరు రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌వి. ఉచితంగా దొరుకుతుంది కనుక మనవాళ్లలో చాలామంది దానితోనే మొదలుపెడతారు.

సమస్య: రెండు చేతులకూ కలిపి ఒకే గీత కావాలి, కానీ స్టాఫ్‌కొకటి వచ్చింది

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ప్యాలెట్‌లోని (గుర్తుల పట్టీలోని) ఆర్పెజియో గుర్తు మీరు ఎంచుకున్న కార్డ్‌కి మాత్రమే అతుక్కుంటుంది. ట్రెబుల్ స్టాఫ్‌లో (కుడి చేతి స్వరాలు రాసే అయిదు గీతల వరుసలో) ఒకటి, బేస్ స్టాఫ్‌లో (ఎడమ చేతిదానిలో) ఒకటి పెడితే అవి రెండు వేర్వేరు ఆర్పెజియోలు. చూడటానికి చిన్న తేడాయే, వాయిస్తే మాత్రం సంగీతమే మారిపోతుంది. ఎడమ చేతిలో సి, జి, ఇ, కుడి చేతిలో జి, సి, ఇ ఉన్నాయనుకోండి. గీత ఒకటే అయితే ఎడమ చేతి సి నుంచి కుడి చేతి పై ఇ దాకా ఆరు స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గీత మధ్యలో తెగితే రెండు చేతులూ ఒకేసారి బయలుదేరి, జంట జంటగా మూడు అడుగుల్లో పైకి చేరతాయి. మీకు ఏది వినపడాలో ముందే తేల్చుకోండి.

ఒకే గీత కావాలంటే బేస్ స్టాఫ్‌లో పెట్టిన ఆర్పెజియోని తీసేయండి. ట్రెబుల్ కార్డ్ పక్కనున్న గీతను క్లిక్ చేస్తే దాని చివర్లలో చిన్న చతురస్రాలు కనిపిస్తాయి. కింది చతురస్రాన్ని పట్టుకుని బేస్ స్టాఫ్‌లోని అట్టడుగు స్వరం దాకా లాగండి. పాత వెర్షన్లలో ఇలా సాగదీసినా, వినిపించేటప్పుడు పై స్టాఫ్ కార్డ్ ఒక్కటే విడివిడిగా మోగవచ్చు. అంతమాత్రాన గీతను మళ్లీ రెండు ముక్కలు చేయకండి. స్కోరు చదివేది మనిషి.

స్కోరు రాసే మిగతా సాఫ్ట్‌వేర్‌ల సంగతికొస్తే, డోరికోలో రెండు స్టాఫ్‌ల స్వరాలనూ కలిపి ఎంచుకున్నాకే ఆర్పెజియో పెట్టాలి, అప్పుడు గీత ఒకటిగా వస్తుంది. సిబెలియస్‌లో గీత కొనను పట్టుకుని లాగితే సరిపోతుంది. ఫినాలే అభివృద్ధిని 2024లో ఆపేశారు కాబట్టి దాని పాత ఫైళ్లను మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి స్కోరును మార్చే ఫార్మాట్) ద్వారా వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకుంటున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆ ఫార్మాట్‌లో రెండు కార్డ్‌లు కలిసి ఒకే రోల్‌గా మోగాలా, వేర్వేరు రోల్స్‌గానా అన్నది ఒక నంబరు చెబుతుంది. నంబరు ఒకటే అయితే కలిసి, వేరైతే విడివిడిగా అని లెక్క. ఫైలు మారేటప్పుడు ఆ నంబరు పోతే ఒక గీత రెండవుతుంది. మార్చిన ప్రతి స్కోరులోనూ రెండు చేతుల రోల్స్‌ను కంటితో సరిచూసుకోవాలి.

సమస్య: ఒకే స్టాఫ్‌లో గీత సగం స్వరాలకే వచ్చింది

పై స్వరం ఒకటో వాయిస్‌లో, మిగతావి రెండో వాయిస్‌లో ఉన్నాయి (వాయిస్ అంటే ఒకే స్టాఫ్‌లో విడిగా నడిచే స్వరాల వరుస). గీత కొనను మిగతా స్వరాల దాకా సాగదీయండి. అన్నిటి నిడివీ ఒకటే అయితే అసలు రెండు వాయిస్‌లు అక్కర్లేదు, ఒకదానిలోకి తెచ్చేయండి.

సమస్య: పై నుంచి కిందికి కావాలి

బాణం లేని గీతను అందరూ కింది నుంచి పైకే వాయిస్తారు. కిందికి కావాలంటే ప్యాలెట్‌లో కింది బాణం ఉన్న గుర్తు వాడండి. ఆ వెంటనే మళ్లీ పైకి వెళ్లే కార్డ్ ఉంటే దానికి పై బాణం పెట్టడం మంచిది. మిగతా చోట్ల పై బాణాలు పేజీని నింపేస్తాయి తప్ప పనికిరావు.

సమస్య: గుర్తు పెట్టినా స్వరాలన్నీ ఒకేసారి మోగుతున్నాయి

మీరు పెట్టింది అలల గీతా, నిటారు బ్రాకెట్టా చూడండి. ప్యాలెట్‌లో రెండూ ఒకచోటే ఉంటాయి, అర్థాలు మాత్రం పూర్తిగా వ్యతిరేకం. ఆ బ్రాకెట్ ‘విడదీయకుండా కలిపి మోగించు’ అని చెబుతుంది.

సమస్య: మెలొడీ బీట్‌కి ఆలస్యంగా వినిపిస్తోంది

సాఫ్ట్‌వేర్ కింది స్వరాన్ని బీట్ మీద మొదలుపెడుతోంది, మెలొడీ ఉన్న పై స్వరం చివర వస్తోంది. బీట్ మీద మొదలవ్వాలా, బీట్‌కి ముగియాలా అన్నది అలల గీత చెప్పదు. వాయించేవారు శైలిని బట్టి తేల్చుకుంటారు. డోరికోలో దీనికి సెట్టింగ్ ఉంది. కాగితం మీదే స్పష్టంగా ఉండాలనుకుంటే గీత తీసేసి, కింది స్వరాలను కార్డ్‌కి ముందు చిన్న గ్రేస్ నోట్లుగా (ముందు తళుక్కుమని మోగే చిన్న స్వరాలుగా) రాసి, ఒక్కోదాన్ని కార్డ్‌లోని అదే స్వరానికి టైతో (స్వరాన్ని తెగకుండా కొనసాగించే వంపు గీతతో) కలపండి. పేజీ బరువెక్కుతుంది కనుక నిజంగా అవసరమైన చోటే ఇలా చేయండి. సమస్య వేగం ఒక్కటే అయితే గీతను ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో స్ట్రెచ్ అంకె మార్చి విని చూడండి.

సమస్య: మిడి కీబోర్డు మీద రోల్ చేసి వాయిస్తే చిన్న చిన్న నోట్లు, రెస్ట్‌ల కుప్ప వచ్చింది

ఒక్కో వేలు ఏ క్షణంలో పడిందో సాఫ్ట్‌వేర్ ఉన్నదున్నట్టు రాసింది. రోల్ చేయకుండా కార్డ్‌ను స్టెప్ ఎంట్రీలో (నిడివి ముందే ఎంచుకుని ఒక్కో స్వరాన్నీ, కార్డ్‌నూ విడిగా నమోదు చేసే పద్ధతిలో) ఒకేసారి నొక్కండి, గీతను తర్వాత పెట్టండి.

సమస్య: చేతికి అందని కార్డ్‌లన్నిటికీ గీత పెట్టాలా?

నా అభిప్రాయంలో వద్దు. రాఖ్మానినోవ్ రెండో పియానో కాన్సర్టో ఆరంభంలోని కార్డ్‌లు పెద్ద చేతులకే అందుతాయి. అందని పియనిస్టులు వాటిని విడదీసి వాయిస్తారు, స్కోరులో గీత లేకపోయినా. రోల్ మీ సంగీతంలో భాగమైతేనే గీత పెట్టండి.

సమస్య: గీత షార్ప్, ఫ్లాట్ గుర్తుల మీద పడుతోంది

దాన్ని ఎప్పుడో చేత్తో జరిపి ఉంటారు. ఎంచుకుని కంట్రోల్, ఆర్ నొక్కితే అసలు చోటికి వస్తుంది. గీత ఎప్పుడూ షార్ప్, ఫ్లాట్‌లకు ఎడమనే ఉండాలి. పేజీ అమరిక మారిన ప్రతిసారీ గీత కార్డ్‌ను వదిలేసి పోతుంటే, అది ఆర్పెజియో కాదు, ట్రిల్ గీతనో మరో బొమ్మనో తిప్పి అతికించినది. తీసేసి ప్యాలెట్ నుంచి అసలుది పెట్టండి.