టైమింగ్ చైన్ చప్పుడు: చైన్ కొనే ముందు ఏం చూడాలి, మార్చాక పికప్ ఎందుకు పోతుంది

ఇంజిన్ ఎడమవైపు నుంచి కొంచెం గరగర వినిపిస్తే చాలు, "టైమింగ్ చైన్ పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. ఇంజిన్ లోపల, కింద క్రాంక్ తిరుగుడును పైన వాల్వులు తెరిచే కామ్‌కు అందించే చైన్ ఇది. చైన్ కొంటారు, క్రాంక్ కొసన ఉండే మ్యాగ్నెట్ చక్రం ఊడదీస్తారు, ఆదివారం మొత్తం దానికే పోతుంది. సాయంత్రం కిక్ కొడితే మళ్లీ అదే గరగర. అప్పుడు ఫోన్ చేసి, "చైన్ కొత్తదేనన్నా, అయినా మోగుతోంది" అంటారు. ఆయిల్ చూశావా అని అడిగితే అటునుంచి మాట ఉండదు.

ఇది సిలిండర్ నిటారుగా ఉండి, చైన్ వదులును పట్టే టెన్షనర్ సిలిండర్ వెనక ఉండే 125, 150 సీసీ బండ్ల గురించి. పాత యూనికార్న్, షైన్, పల్సర్ 150 లాంటివి. స్ప్లెండర్ ఇంజిన్ పడుకుని ఉంటుంది, దాని టెన్షనర్ రాడ్ కింద నుంచి వస్తుంది, కాబట్టి పని వరస వేరు. పాత బుల్లెట్లకు టైమింగ్ చైనే లేదు, అంతా గేర్లే. అయినా దానికి చైన్ కావాలని షాపుకు వెళ్లి అడిగినవాళ్లున్నారు. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్‌తో వచ్చిన 350 ఇంజిన్‌కు మాత్రం చైన్ ఉంది. పానాలు, టీ స్పానర్లు వాడటం మీకు వచ్చు అనుకునే రాస్తున్నాను. ట్యాంకు ఎలా దించాలో చెప్పను.

ముందు ఆయిల్

టైమింగ్ చైన్ బతికేది ఆయిల్ మీదే. లెవెల్ తగ్గితే చైన్ మోగుతుంది, చైన్ ఆనుకుని జారే గైడ్ ప్యాడ్లు ఎండిపోయి అరుగుతాయి. బండిని డబుల్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు స్లోలో నడిపి, ఆపి, మరో రెండు నిమిషాలు ఆగి చూడండి. హోండా బండ్లలో డిప్‌స్టిక్ మరలు బిగించి కొలవకూడదు. తుడిచి, ఊరికే లోపల ఆనించి తీయాలి. బిగించి తీస్తే పుల్ల ఇంకా లోపలికి దిగుతుంది, ఆయిల్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. "ఫుల్లుగానే ఉంది" అని చెప్పినవాళ్లలో చాలామంది అలా బిగించి చూసినవాళ్లే. సైడ్ స్టాండ్ మీద చూసిన లెక్క కూడా లెక్క కాదు.

లెవెల్ తక్కువుంటే పోయండి. ఆయిల్ నల్లగా నీళ్లలా జారుతుంటే మార్చండి. నాలుగు రోజులు నడిపాక కూడా మోగితే అప్పుడు కింద చదవండి.

ఏ చప్పుడు దేనిది

క్లచ్ పట్టుకుంటే చప్పుడు మారినా, ఆగినా అది కుడివైపు క్లచ్ బెల్ సంగతి, చైన్ జోలికి వెళ్లకండి. చిటచిటమని ఒకే లయలో, రేస్ ఇచ్చేకొద్దీ వేగంగా కొట్టుకుంటే ట్యాపెట్, అంటే వాల్వు గ్యాప్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో, మీ బండి మాన్యువల్లో ఉన్న గ్యాప్‌కు పెట్టండి. పొద్దున చల్లటి ఇంజిన్‌లో టిక్ టిక్ మంటూ, వేడెక్కాక తగ్గితే సైలెన్సర్ బెండ్ దగ్గర ప్యాకింగ్ లీకేమో చూడండి. అక్కడ నల్లటి మసి చార ఉంటుంది.

టైమింగ్ చైన్‌ది గరగర. స్లోలో ఉంటుంది, కొంచెం రేస్ ఇస్తే తగ్గినట్టు అనిపిస్తుంది, రేస్ వదిలేసినప్పుడు మళ్లీ జరజరమని జారుతుంది. పెద్ద స్క్రూడ్రైవర్ మొనను సిలిండర్ ఎడమ పక్కన ఆనించి, పిడికి చెవి పెడితే తేడా తెలిసిపోతుంది. అదే మొనను టెన్షనర్ బాడీ మీద కూడా పెట్టి చూడండి.

పొద్దున స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లు మాత్రమే మోగి ఆగిపోతే చైన్ కంటే టెన్షనర్ మీదే నా అనుమానం.

చైన్ కంటే ముందు టెన్షనర్

సిలిండర్ వెనక రెండు బోల్టులతో ఉంటుంది. దాన్ని విప్పి చేతిలోకి తీసుకోండి. బయటికి వచ్చిన పుల్లను బొటనవేలితో గట్టిగా లోపలికి నొక్కండి. అస్సలు కదలకూడదు. మెత్తగా లోపలికి పోతుంటే స్ప్రింగో మరలో అయిపోయినట్టే. కొత్త టెన్షనర్ వేయండి, చాలా బండ్లు ఇక్కడే సైలెంట్ అయిపోతాయి. విప్పాక మాత్రం అది మళ్లీ బిగించేదాకా ఇంజిన్ తిప్పొద్దు. చైన్ వదులై స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీద పన్ను దాటుతుంది.

తిరిగి వేసేటప్పుడు వెనక ఉన్న చిన్న స్క్రూ తీసి, సన్న స్క్రూడ్రైవర్‌తో లోపలి మరను కుడివైపుకు తిప్పితే పుల్ల లోపలికి పోతుంది. అలాగే పట్టుకుని రెండు బోల్టులూ బిగించి, అప్పుడు వదలాలి. "టిక్" మని ముందుకు దూకుతుంది. పుల్ల బయట ఉండగానే పెట్టి బోల్టులతో లాగితే గైడ్ విరుగుతుంది, లేదా చైన్ వీణ తీగలా బిగుస్తుంది. రెండూ నేను చూసినవే.

టెన్షనర్ బాగుండి, పుల్ల దాదాపు పూర్తిగా బయటికి వచ్చేసి ఉంటే చైన్ సాగిందని అర్థం. హెడ్ కవర్ తీసి, కామ్ స్ప్రాకెట్ మీద చైన్‌ను వేళ్లతో పైకి లాగి చూడండి. పన్ను మీద నుంచి లేస్తుంటే దాని పని అయిపోయింది. ఎన్ని కిలోమీటర్లకు పోతుందని అడగొద్దు. ముప్పై వేలకు పోయినదాన్ని చూశాను, డెబ్బై వేలు దాటినా బాగున్నదాన్ని చూశాను. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారన్నదే తేడా.

మార్చడం, క్లుప్తంగా

ప్లగ్ తీసేయండి, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. ఎడమ కవర్ తీస్తే మ్యాగ్నెట్. దానికి మీ బండి మోడల్ పుల్లరే వాడండి, సుత్తి కాదు. క్రాంక్ మొన మీద కొడితే మరలు పోతాయి, అప్పుడు పైభాగం మాత్రమే విప్పే హాఫ్ ఇంజిన్ పనితో వదలదు. అర్ధచంద్రాకారంలో ఉండే చిన్న కీ మ్యాగ్నెట్‌కు అంటుకుని ఎక్కడికో పోతుంది, దాన్ని ముందే తీసి డబ్బాలో వేసుకోండి. సెల్ఫ్ ఉన్న బండికి మ్యాగ్నెట్ వెనక స్టార్టర్ గేర్ కూడా వస్తుంది.

కామ్ స్ప్రాకెట్ బోల్టులు విప్పే ముందు చైన్ సందులో గుడ్డ కుక్కండి. బోల్టు లోపల పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్త చైన్‌కు కొసన రాగి తీగ కట్టి ఉంచుకుంటే కిందికి జారిపోదు. పాత చైన్, కొత్త చైన్ పక్కపక్కన పెట్టి లింకులు లెక్కపెట్టండి. ప్యాడ్ల మీద చైన్ గాడి లోతుగా పడి ఉంటే వాటినీ మార్చండి. ముందు గైడ్ కొన్ని బండ్లలో హెడ్ లేపితే గానీ రాదు.

నన్ను ఒక రోజంతా తిప్పలు పెట్టినది

మా బావమరిది బండి. చైన్, టెన్షనర్, ప్యాడ్లు అన్నీ కొత్తవి వేశాను. మ్యాగ్నెట్ మీద టీ మార్కు (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిందని చెప్పే గుర్తు) ఎడమ కవర్‌లో చూసే కన్నానికి ఎదురుగా, కామ్ స్ప్రాకెట్ మీద గీతలు హెడ్ అంచుకు సమానంగా. చూసుకుని మరీ బిగించాను. స్టార్ట్ అయింది, చప్పుడు లేదు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చి, "బావా, ముందుకంటే ఘోరంగా ఉందే, మూడో గేర్‌లో లాగట్లేదు" అన్నాడు. స్లో నిలవట్లేదు, కార్బురేటర్‌లో టప్ మంటోంది, కిక్ కూడా మెత్తగా దిగుతోంది. టైమింగ్ నేనే కలిపాను కదా, అది తప్పయ్యే అవకాశమే లేదనుకున్నాను. కార్బురేటర్ విప్పాను, జెట్లు కడిగాను, ప్లగ్ మార్చాను, ట్యాపెట్ మళ్లీ పెట్టాను. సాయంత్రం టార్చ్ వేసి హెడ్ కవర్ మళ్లీ తీసి చూస్తే, టీ మార్కు సరిగ్గా ఉంది, స్ప్రాకెట్ గీత మాత్రం ఒక పన్ను వెనక ఉంది.

ఎలా జరిగిందంటే: టీ మార్కు కోసం క్రాంక్ తిప్పుతూ కొంచెం దాటేశాను, అంతే, కొంచెం. మళ్లీ చుట్టు తిప్పడానికి బద్ధకించి వెనక్కి తిప్పి కలిపాను. ఈ ఇంజిన్లు ఎడమవైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతాయి. అలా తిరిగేటప్పుడు చైన్ ముందు వైపు బిగుసుకుంటుంది, వదులంతా వెనక వైపుకు వస్తుంది. అందుకే టెన్షనర్ వెనక ఉంది. క్రాంక్‌ను వెనక్కి తిప్పితే వదులు ముందు వైపుకు పోతుంది, టెన్షనర్ దాన్ని అందుకోలేదు. స్ప్రాకెట్ అక్కడే బిగించేస్తే మార్కులు కంటికి కలిసినట్టే ఉంటాయి. ఇంజిన్ ముందుకు తిరగగానే క్రాంక్ మొదట ఆ వదులు మొత్తం లాక్కుంటుంది, కామ్ ఆ తర్వాత కదులుతుంది. ఒక పన్ను పోయింది.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తాను. టీ మార్కు దాటితే వెనక్కి తిప్పను, ముందుకే మళ్లీ చుట్టు తిప్పి తెస్తాను. చైన్ కామ్ స్ప్రాకెట్ మీద లేకపోతే తీగతో పైకి లాగిపట్టి తిప్పాలి, లేకపోతే కింద ముడిపడుతుంది. స్ప్రాకెట్ ఎక్కించేటప్పుడు చైన్ ముందు భాగాన్ని బిగుతుగా పైకి లాగి, మార్కు చూసి, పళ్లలో కూర్చోబెడతాను. వదులంతా వెనకే ఉండాలి. వేలు పెట్టి ముందు భాగం నొక్కితే కదలకూడదు.

తర్వాతది ఎవరూ చేయరు, అసలు చూడాల్సింది అదే. టెన్షనర్ పెట్టకముందు దాని కన్నంలోంచి మొద్దు మొన ఉన్న స్క్రూడ్రైవర్ పెట్టి వెనక ప్యాడ్‌ను మెల్లగా ముందుకు నెట్టండి. టెన్షనర్ చేసే పనిని మీ చేత్తో చేస్తున్నారన్నమాట. అలా నెట్టి ఉంచి రెండు మార్కులూ చూడండి. స్ప్రాకెట్ గీత జరిగితే అప్పుడే తెలిసిపోతుంది, విప్పి ఒక పన్ను మార్చడం అయిదు నిమిషాల పని.

టెన్షనర్ బిగించాక పానాతో చేత్తోనే క్రాంక్‌ను ముందుకు రెండు పూర్తి చుట్లు తిప్పండి. కామ్ ఒక చుట్టు తిరగడానికి క్రాంక్ రెండు తిరగాలి. మళ్లీ టీ దగ్గర ఆపి మార్కులు చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు, అక్కడ వాల్వు పిస్టన్‌ను తాకుతూ ఉండొచ్చు. ఈ రెండు చుట్లు అయ్యేదాకా కిక్, సెల్ఫ్ ముట్టుకోకండి.

గీత పన్ను మొత్తం కాకుండా అర పన్ను తేడాగా, ఎటు పెట్టినా కలవకుండా ఉంటే మీరు టీ బదులు ఎఫ్ చూస్తున్నారు. ముందుకు తిప్పుతుంటే కన్నంలో మొదట ఎఫ్ వస్తుంది, దాని వెనకే టీ. ఎఫ్ స్పార్క్ కోసం, మనకు సంబంధం లేదు. మసిపట్టిన పాత మ్యాగ్నెట్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, పెట్రోల్ గుడ్డతో తుడిచి చాక్‌పీస్ రుద్దితే అక్షరం తేలుతుంది.

మిగతావి

అన్నీ సరిగ్గా ఉన్నా మోగుతుంటే క్రాంక్ మీది చిన్న స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా అరిగాయేమో, కామ్ బేరింగ్ ఆడుతోందేమో, హెడ్‌కు ఆయిల్ వెళ్లే దారి మూసుకుపోయిందేమో. అరుదు. వీటికి లేత్ దగ్గరికో, మంచి మెకానిక్ దగ్గరికో పోవాల్సిందే. టెన్షనర్ దగ్గర ఆయిల్ చెమర్చితే పాత ప్యాకింగ్ తిరిగి వాడారని అర్థం, పది ఇరవై రూపాయల దానికి పిసినారితనం ఎందుకు.

కొత్త చైన్ మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొద్దిగా సర్దుకుంటుంది, టెన్షనర్ తనంతట తాను అందుకుంటుంది, మీరు ఏమీ తిప్పక్కర్లేదు. ఆ వెయ్యి అయ్యాక ఆయిల్ మార్చి, కిందకు కారినదాన్ని తెల్ల గుడ్డ మీద పోసి చూడండి. నల్లటి ప్లాస్టిక్ తునకలు కనిపిస్తే గైడ్ ప్యాడ్ చిట్లింది, మళ్లీ విప్పాలి.