ఇంట్లో లైసెన్స్ తుపాకీ ఉంది, మనిషికేమో కోర్టు ఆర్డర్‌తో మానసిక చికిత్స: ఇప్పుడేం చేయాలి?

మా పెద్దనాన్నకు దేవరకొండ దగ్గర పొలం. పంట కాపలాకని లైసెన్స్ తీసుకున్న డబుల్ బ్యారెల్ తుపాకీ కూడా ఉంది. నిరుడు ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టక, ఇంట్లోవాళ్ల మీదే అనుమానాలు ముదిరి, చివరికి మేజిస్ట్రేట్ ఆర్డర్‌తో ఎర్రగడ్డ తీసుకుపోయాం. ఆ టెన్షన్‌లో తుపాకీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బీరువా మీద గోనెసంచిలో చుట్టి ఉంది, తూటాలు పక్కనే బిస్కెట్ డబ్బాలో.

అందుకే మొదటి పని అదే. మనిషి ఇంటికి తిరిగి రాకముందే తుపాకీ ఇంట్లో నుంచి పోవాలి. మేజిస్ట్రేట్ ఆర్డర్‌తో పరీక్ష, చికిత్స కోసం ఆసుపత్రిలో ఉంచేది పది రోజులకు మించదు, కాబట్టి తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

అలాగని తుపాకీ సంచిలో పెట్టుకుని బైక్ మీద స్టేషన్‌కు బయలుదేరకండి. లైసెన్స్ ఆయన పేరు మీద ఉంది, మీ పేరు మీద కాదు. లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టం కింద రెండు నుంచి ఐదేళ్ల జైలు. స్టేషన్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. ఎలక్షన్ కోడ్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు కదా, ఇదీ అలాంటిదే. రసీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క రాయించుకోండి, తూటాలు మీరే ఒక్కొక్కటి లెక్కపెట్టి మరీ.

తర్వాత లైసెన్స్. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో అది ఇచ్చేది కలెక్టర్. మతిస్థిమితం లేదని గానీ, ఇంకే కారణంతోనైనా తుపాకీ ఉంచుకోవడానికి తగడని గానీ నమ్మితే, ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద కలెక్టర్ ఆ లైసెన్స్ ఆపొచ్చు, రద్దు చేయొచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మానసిక జబ్బుందని డాక్టర్ రాసినంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని అర్థం కాదు, ఆ మాట కోర్టు తేల్చాల్సిందేనని 2017 మానసిక ఆరోగ్య చట్టం స్పష్టంగా చెబుతోంది. పిచ్చోడని ముద్ర వేయించుకోవాల్సిన అవసరం లేదు, తుపాకీ దూరం పెడితే చాలు. మా ఊళ్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్లతో నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

రద్దు ఆర్డర్ వస్తే లైసెన్స్ పుస్తకం వెంటనే అప్పగించాలి. కారణాలేంటో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, అప్పీలుకు ఆయుధాల చట్టంలోనే 18వ సెక్షన్ ఉంది. నయమయ్యాక మళ్లీ కావాలంటే మానసికంగా, శారీరకంగా ఫిట్ అని డాక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి.

ఈలోపు రాత్రిపూట భయమేస్తే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

పెద్దనాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు. తుపాకీ ఇంకా స్టేషన్‌లోనే ఉంది, అడవి పందులకేమో సోలార్ కంచె వేయించాడు.