ప్రథమ చికిత్స, 6వ పాఠం: టూర్నికేట్ కట్టకూడని చోటు

పోయిన పాఠంలో టూర్నికేట్, అంటే రక్తం ఆపడానికి గాయం పైన గట్టిగా బిగించే కట్టు, ఎలా బిగించాలో నేర్పాను. అది చదివిన ఒకాయన, పొలంలో పాము కరిచిన తమ్ముడి కాలికి అలాగే బిగించాడు. తమ్ముడు బతికాడు గానీ కాలు బాగా దెబ్బతింది. తప్పు నాది. ఎప్పుడు కట్టాలో చెప్పాను, ఎప్పుడు కట్టకూడదో చెప్పలేదు. అందుకే ఎముకల పాఠం వచ్చే వారానికి జరిపాను.

చెయ్యో కాలో తెగి, గట్టిగా అదిమినా రక్తం ఆగనప్పుడే టూర్నికేట్. పాము కాటుకు వద్దు. తాడు, తువ్వాలు, చీర చెంగు, ఏదీ వద్దు.

"వదులుగా కడితే పర్లేదు కదా?" అని చాలామంది అడిగారు. ఈ మాట వింటే నాకు భయమేస్తుంది. వదులు కట్టు కింద ధమని తెరిచే ఉంటుంది, సిర మాత్రం మూసుకుపోతుంది. రక్తం కాల్లోకి వస్తుంది, తిరిగి పోదు. వాపు పెరుగుతుంది, ఆ వాపుకి వదులు కట్టే బిగిసిపోతుంది. రక్తపింజర విషం అసలే కండను కుళ్లబెడుతుంది, దానికి రక్తం కూడా అందకపోతే కాలు పోవచ్చు. నాగుపాము, కట్లపాము అయితే, కట్టు విప్పగానే ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోయి ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఎవరైనా ముందే కట్టేసి ఉంటే దారిలో విప్పకండి. ఆసుపత్రిలో డాక్టరు దగ్గరుండగా విప్పాలి.

మరి ఏం చేయాలి? నడవనివ్వకండి. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు తీసేయండి. కాలు కదలకుండా కర్ర ఆన్చి కట్టండి, రక్తం ఆగేంత బిగువు వద్దు. 108కి ఫోన్ చేయండి. పాము విషానికి ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే పోవాలి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. నొప్పి లేదని తెల్లారేదాకా ఆగకండి.

ఎప్పుడు వాడకూడదో మరో రెండు సాధనాలకూ చెబుతాను. నాలుక వెనక్కి పడకుండా నోట్లో పెట్టే ఎయిర్‌వే గొట్టం స్పృహలో ఉన్నవాళ్లకు పెట్టకూడదు, వాంతి అవుతుంది. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ స్పందన లేక, మామూలుగా ఊపిరి ఆడనివాళ్లకే. ఛాతీ తడిగా ఉంటే ముందు తుడవండి.

అభ్యాసం: రాత్రి లైటు ఆపి, టార్చి ఒక్కటే పెట్టుకుని, ఇంట్లో ఒకరి కాలికి కర్ర, రెండు కండువాలతో కట్టండి. అయిదు నిమిషాల్లో అయిపోవాలి. కట్టాక కాలివేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో చూడండి, కదపమనండి. చల్లబడితే విప్పి మళ్లీ కట్టండి. మూడుసార్లు సరిగ్గా వచ్చేదాకా చేయండి.