స్పీకర్లు పోల్చే ముందు సౌండ్ సమానం చేయించండి

హన్మకొండ నుంచి హైదరాబాద్ షోరూంకు వెళ్లి ఖరీదైన స్పీకర్లు పోల్చి వినేవాళ్లు ముందు రెండు జతల సౌండ్ సమానం చేయించండి. సెన్సిటివిటీ (ఒకే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె) 86 డెసిబెల్స్ ఉన్నదానికన్నా 89 ఉన్నది అదే వాల్యూమ్‌లో గట్టిగా పలుకుతుంది. గట్టిగా పలికిందే చెవికి మేలనిపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. పింక్ నాయిస్ (జోరువానలా హోరుమనే టెస్ట్ శబ్దం) పెట్టి, కూర్చునే చోట ఫోన్‌ను కదపకుండా ఉంచి, సౌండ్ మీటర్ యాప్‌తో కొలవండి. రెండు జతల మధ్య తేడా అర డెసిబెల్ లోపు ఉండాలి. 4 ఓమ్‌ల స్పీకరైతే ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, మీ ఆంప్లిఫయర్ దానికి సరిపోతుందో లేదో చూసుకోండి.

ఇంట్లో టైల్స్ నేల మీద అదే స్పీకర్ చెవిలో గుచ్చినట్టు వినిపించవచ్చు. స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి వరంగల్ కొత్తవాడ జంపఖానా పరవండి. బేస్ మోత మాత్రం దాంతో తగ్గదు. స్పీకర్లను వెనక గోడ నుంచి 2 అడుగులు ముందుకు జరిపి చూడండి.