కుక్కంటే హడలిపోయే పిల్లలకు ఆ భయాన్ని తగ్గించడం ఎలా?

కుక్కకు భయపడే బిడ్డను దాని దగ్గరికి లాక్కెళ్లి ‘ఏమీ చేయదు, ముట్టుకో’ అనడం వల్ల భయం తగ్గకపోగా పెద్దవాళ్ల మీద నమ్మకం సడలుతుంది. అలాగని కుక్క కనబడగానే చంకనెత్తుకుని వేరే వీధిలోకి మళ్లడమూ మంచిది కాదు. తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరటే ఆ భయాన్ని గట్టిపరుస్తుంది.

అమెరికన్ మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రచురించిన అధ్యయనం ఇంకో దారి చూపింది. కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నపిల్లవాడు ఇష్టమైన తిండి తింటుండగా, అతను కలవరపడనంత దూరంలో కుందేలు పంజరాన్ని ఉంచి క్రమంగా దగ్గరికి తెచ్చారు. భయంలేని పిల్లలు దానితో ఆడుకోవడమూ చూపించారు. చివరికి కుందేలు తన వేళ్లను మునిపళ్లతో గిల్లుతున్నా పీటర్ ఊరుకున్నాడు.

ఇంట్లో మొదట మానవలసింది ‘అన్నం తినకపోతే కుక్కకు పట్టిస్తా’ అనే బెదిరింపు. తరువాత కొన్నాళ్లు బాల్కనీలో నుంచి వీధి కుక్కలను చూపిస్తూ, అవి ఏం చేస్తున్నాయో బిడ్డ చేతనే చెప్పించాలి. ఆ పైన, తెలిసినవారింట్లో టీకాలు వేయించిన, వయసు మళ్లిన, నెమ్మదైన కుక్కను గొలుసుతో కట్టించి, బిడ్డ ఒప్పుకున్నంత దూరంలో కూర్చోవాలి. మాటల కన్నా మీ వేలిని పట్టుకున్న ఆ చిన్న చేతిని గమనించండి: పట్టు బిగిస్తే రెండడుగులు వెనక్కి జరగండి, కానీ పట్టు సడలేవరకూ అక్కడినుంచి లేవకండి. తాకే రోజు వచ్చినప్పుడు తల మీద కాకుండా, యజమాని పక్కనుండగా, వీపు మీద నిమరనివ్వాలి.

భయం పోగొట్టడమంటే జాగ్రత్త వదిలించడం కాదు. తోక ఊపే కుక్క స్నేహంగానే ఉందని చాలామంది అనుకుంటారు. ఒళ్లు బిగబట్టి, మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటే ఆ తోకను నమ్మడానికి వీల్లేదు. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి వెళ్లకూడదని చెప్పాలి. అది మీదికి వస్తే పరుగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా, చేతులు కిందికి దించి కదలకుండా నిలబడడం ఇంట్లోనే ఆటగా నేర్పవచ్చు. కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, కారం, సున్నం వంటివేవీ పూయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

భయం ఆరు నెలలు దాటినా తగ్గక, బడికి వెళ్లడానికి కూడా అడ్డుపడుతుంటే, ఇదే పద్ధతిని అనుభవజ్ఞులైన పిల్లల మనస్తత్వ నిపుణుల చేత చేయించడం మేలు.